పసుపు నీళ్లకు పొట్ట కరుగుతుందా?

ప్రశ్న: మాది మైదుకూరు దగ్గర పల్లె. ఇంట్లో పండిన పసుపే చెంచాడు వేడినీళ్లలో కలుపుకుని రెండు నెలలుగా పరగడుపున తాగుతున్నా. బరువు తగ్గలేదు. పసుపులోని రంగే కొవ్వు కరిగిస్తుందంటారే, మాత్రలు వేసుకుంటే పనిచేస్తుందా?
– ఒక పాఠకురాలు, కడప జిల్లా

జవాబు: తాగాక గ్లాసు అడుగున పచ్చటి మడ్డి మిగులుతోంది కదమ్మా, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. పసుపు రంగు కర్క్యుమిన్‌ది. అది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పైగా పసుపులో అది నూటికి మూడు పాళ్లే. చెంచాడు, అంటే 3 గ్రాముల పొడిలో దాదాపు 90 మిల్లీగ్రాములు. మనుషుల మీద పరీక్షల్లో వాడేది సాధారణంగా రోజుకు 500 నుంచి 1500 మిల్లీగ్రాములు. అంత ఇచ్చినా తగ్గే బరువు కొద్దిగానే. కొవ్వు కణాలు పెరగకుండా ఆపిన గొప్ప ఫలితాలు ఎలుకల్లో, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో వచ్చినవి.

ఒంటికి పట్టడానికి మిరియం సాయం చేస్తుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవాళ్లు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ (మిరియానికి ఘాటునిచ్చే పదార్థం) ఇస్తే, రక్తంలోకి చేరింది 20 రెట్లయింది. అంత పైపరిన్ ఎనిమిది, పది మిరియాల్లో దొరుకుతుంది. కాబట్టి నీళ్లు మానేయండి. చెంచా నూనె సన్నసెగన కాగాక పావు చెంచా పసుపు, దంచిన మిరియాలు వేసి, వెంటనే ఆకుకూరో పప్పో పోయండి. ఆలస్యమైతే పసుపు నల్లబడి చేదెక్కుతుంది. చెంచా నూనెకు 45 కేలరీలు. సంగటి మీద నెయ్యి, పక్కన గిన్నెడు చెనిక్కాయల చట్నీ అలాగే ఉంటే ఏ రంగూ పొట్ట తగ్గించలేదు. ముందు ఆ చట్నీ సగం చేయండి.

మాత్రలు వద్దనే నా మాట. గాఢమైన కర్క్యుమిన్‌కు పైపరిన్ కలిపిన మాత్రలతో కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టనే కూడదు. ఇప్పటికే వేసుకుంటుంటే, కళ్లు పచ్చబడినా మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: ఎర్రగడ్డల రంగు ఉడికిస్తే పోతుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇది పసుపుకు తిరగబడ్డ రంగు, నీళ్లలోకే దిగుతుంది. ఉడికించిన నీళ్లు పారబోయకుండా పులుసులో కలపండి. రంగు ఎక్కువుండేది పై పొరల్లోనే, ఎండిన పొట్టు తీసి ఆపండి. గట్టి పొర ఒకటి కూడా ఒలిచేయొద్దు. జొన్నరొట్టెలోకి పచ్చివి తరిగి నిమ్మరసం పిండితే ఎరుపు ఇంకా విచ్చుకుంటుంది. వంటసోడా తగిలిందా, నీలి పచ్చగా మారి పాడవుతుంది.