మోకాలి నొప్పికి కస్టమ్ ఇన్‌సోల్స్ చేయించుకోవాలా?

మెట్లు దిగుతుంటే మోకాలు నొప్పి పెడుతోంది, కస్టమ్ ఇన్‌సోల్స్ (మన పాదం అచ్చుకి తగ్గట్టు చేసి బూటు లోపల పెట్టుకునే మెత్తలు) చేయించుకుంటే తగ్గుతుందా అని అడిగారు. నాకు తగ్గింది. మీకు తగ్గుతుందా లేదా అన్నది మోకాలి ఎక్స్‌రే కంటే మీ పాదమే బాగా చెబుతుందని నా గట్టి నమ్మకం.

నాది మోకాలి చిప్ప చుట్టూ వచ్చే నొప్పి. మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు ఎక్కువ. మాత్రలు, మోకాలి పట్టీ అన్నీ అయ్యాక ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మోకాలు చూడకముందే నా పాత బూట్లు బల్ల మీద పెట్టమన్నారు. రెండూ లోపలివైపుకి ఒరిగిపోయి ఉన్నాయి. తర్వాత అద్దం ముందు ఒంటికాలి మీద నిలబెట్టి మోకాలు కొంచెం వంచమన్నారు. పాదం వంపు నేలకి అణిగిపోతోంది, దాంతోపాటే మోకాలు బొటనవేలిని దాటి లోపలికి వెళ్లిపోతోంది. అంత స్పష్టంగా కనిపించేదాన్ని అప్పటిదాకా ఎవరూ చూపించలేదు! ఆవిడ పాదం వంపు కింద ఒక ప్యాడ్ అతికించి మళ్లీ వంచమన్నారు. నొప్పి పూర్తిగా పోలేదు కానీ బాగా తగ్గింది. అలా అప్పటికప్పుడే తేడా తెలిసినవాళ్లకి ఇన్‌సోల్స్ పనికొచ్చే అవకాశం ఎక్కువ. మీరూ ముందు ఈ పరీక్ష చేయించుకోండి.

దీనికి పెద్ద మెషీన్లేవీ అక్కర్లేదు. పాదాన్ని రంగురంగుల బొమ్మగా చూపించి ఇన్‌సోల్స్ అంటగట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాదంలో ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతోందో ఆ బొమ్మ చెబుతుంది, అంతే. మోకాలు ఎటు తిరుగుతోందో అందులో ఎక్కడుంది?

ముందు రెడీమేడ్‌వి వాడి చూడండి. ఇలాంటి నొప్పి గురించి అమెరికా ఫిజియోథెరపిస్టులు 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, పాదం మరీ లోపలికి ఒరిగేవాళ్లకి రెడీమేడ్ ఇన్‌సోల్సే సూచించాయి. అదీ 6 వారాల వరకే, వ్యాయామంతో కలిపి. కస్టమ్‌వి అంతకంటే మేలని చెప్పడానికి తగిన ఆధారాలు లేవన్నాయి. రెడీమేడ్‌వాటిలో నా మడమ కుదురుగా కూర్చోలేదు కాబట్టే నేను ఫోమ్‌లో పాదం అచ్చు తీయించుకుని చేయించుకున్నాను. కొత్తల్లో రోజూ కాసేపే వేసుకుని మెల్లగా పెంచాలి, లేకపోతే పిక్కలు పట్టేస్తాయి. బూటులో ముందే ఉన్న ఇన్‌సోల్ తీసేసి వీటిని పెట్టాలి. ఇప్పుడేమో చాలా బూట్లలో దాన్ని ఊడి రాకుండా జిగురుతో అంటించేస్తున్నారు, ఇదెక్కడి డిజైనో!

అసలు పని చేసేది తొడ, తుంటి కండరాల వ్యాయామమే. నొప్పి తగ్గి ఆ వ్యాయామం చేయగలిగేలా ఇన్‌సోల్స్ నాకు వెసులుబాటు ఇచ్చాయి. బూట్లు విప్పితే వాటి సాయం ఉండదు, కండరం ఎప్పుడూ మనతోనే ఉంటుంది.

మీది కీళ్ల అరుగుదల అయితే లెక్క వేరు. బయటి అంచు ఎత్తుగా ఉండే ఇన్‌సోల్స్‌ని దానికి ఒకప్పుడు తెగ ఇచ్చేవారు. 2019లో అమెరికాలోని కీళ్ల వ్యాధుల నిపుణుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ వాటిని సిఫారసు చేయలేదు. మోకాలు వాచినా, మడత పడకుండా పట్టేసినా, నడుస్తుంటే ఉన్నట్టుండి పట్టు తప్పినా ముందు డాక్టర్‌కి చూపించండి. ఇన్‌సోల్స్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.