స్కాట్లండ్ కోరేది స్వాతంత్ర్యమా, వేర్పాటా?

సందేహం: స్కాట్లండ్ సంగతి రాసేటప్పుడు మన పత్రికల్లో ఒకరు ‘స్వాతంత్ర్యోద్యమం’ అంటారు, ఇంకొకరు ‘వేర్పాటువాదం’ అంటారు. రెండూ ఒకటేనా? ఏది వాడాలి? అక్కడివాళ్ళు కాపాడుకోవాలని ఆరాటపడే ‘కల్చరల్ ఐడెంటిటీ’కి తెలుగు మాట ఏది? ‘స్వాతంత్ర్యం’ రాసేటప్పుడు రకారం ముందా, యకారం ముందా?
– ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: చివరి ప్రశ్న ముందు తేల్చేస్తాను. స్వతంత్ర శబ్దం మీద ష్యఞ్ ప్రత్యయం వచ్చి స్వాతంత్ర్యం అయింది. రకారం ముందు, యకారం తరువాత. ‘స్వాతంత్య్రం’ తప్పు. ఏటా ఆగస్టు 15న ఆ తప్పే తోరణాలకెక్కుతుంది. బడిపిల్లల చేత కూడా అలాగే రాయిస్తున్నారు. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇక అసలు విషయం. ‘వేర్పాటు’ అచ్చతెలుగు మాట. వేఱు పడటం వేర్పాటు. ఇక్కడున్నది బండి ఱ. చెట్టు వేరులో ఉన్నది సాధురేఫం, అంటే మామూలు ర. తమిళులు ఈ రెండింటినీ నేటికీ వేర్వేరు అక్షరాలతో రాస్తున్నారు. మనం బండి ఱను అటకెక్కించాం కాబట్టి చెట్టును నిలబెట్టే వేరుకూ, ఇంటిని చీల్చే వేఱుకూ తేడా మన కంటికి ఆనదు. ‘పాటు’ సంగతి అంతకంటే ముఖ్యం. భయపడు, బాధపడు, వెనకబడు అనేవన్నీ మనకు జరిగే పనులు, మనం చేసేవి కావు. ఎడబాటు, తడబాటు, పొరపాటు కూడా అంతే. వేర్పాటును కూడా ఒకరు తలపెట్టి చేసిన పనిగా కాక వచ్చిపడిన స్థితిగానే మన భాష చూస్తుంది. తలపెట్టి చేసినదైతే ‘వేఱుపఱచు’ అనే సకర్మకం వేరే ఉంది.

పైగా తెలుగింట్లో ‘వేరుపడ్డారు’ అంటే అన్నదమ్ములు పొయ్యిలు విడదీసుకున్నారని అర్థం. ఒకే తండ్రి ఆస్తి, ఒకే వాకిలి, ఆ మీదట పంపకాలు. స్కాట్లండ్ కథ ఈ మూసలో ఇమడదు. 1603లో స్కాట్లండ్ రాజు ఆరవ జేమ్స్‌కే ఇంగ్లండ్ సింహాసనం కూడా దక్కింది. రాజు ఒక్కడే అయినా రాజ్యాలు రెండుగానే ఉండిపోయాయి. 1707 మే 1న రెండు పార్లమెంట్లూ ఒకటయ్యాయి. అది రాతకోతలతో జరిగిన ఒడంబడిక. స్కాట్లండ్ తన న్యాయవ్యవస్థనూ, తన చర్చినీ చేతిలో ఉంచుకునే ఆ ఒడంబడికలోకి వచ్చింది. అక్కడి స్వాతంత్ర్యవాదులు ‘మేం వేరుపడటం లేదు, చేసుకున్న ఒప్పందం చాలించుకుంటున్నాం’ అంటే ఆ మాటకు ఆధారం ఉంది. మూడువందల ఏళ్ళు కలిసి బతికాక ఒప్పందం కుటుంబమవుతుందని కలిసుండాలనేవారు అంటారు. ఆ మాటనూ తోసెయ్యలేం.

ఇప్పుడు స్వతంత్ర శబ్దానికి వస్తాను. ఈ మాట గురించి అడిగేవారి కోసం నేను ఏళ్ళ తరబడి ఎదురుచూశాను, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

‘తన్’ ధాతువుకు సాచు, పరచు అని అర్థం. తంతువు, తంతి, తంత్రి అన్నీ దాని పిల్లలే. తంత్రమంటే మొదట మగ్గం, మగ్గం మీద సాచిన పడుగు. అమరకోశం కూర్చిన అమరసింహుడు తంత్ర శబ్దానికి చెప్పిన నాలుగు అర్థాల్లో ‘సూత్రవాయే’ ఒకటి, అంటే నేత. మొదటిది ‘ప్రధానే’, అంటే ముఖ్యమైనది. మాంత్రికుడి తంత్రమూ, రాజకీయుల కుతంత్రమూ తరువాతివి, వాటి జోలికి నేను పోను.

సంస్కృత వ్యాకరణానికి సూత్రాలు రాసిన పాణిని ‘స్వతంత్రః కర్తా’ అన్నాడు. క్రియ జరగడంలో ఎవరు స్వతంత్రుడో వాడే కర్త. ఈ సూత్రం దగ్గర భాష్యకారుడు పతంజలి ఆగి వేసిన ప్రశ్న చూడండి: ‘కిం యస్య స్వం తంత్రం స స్వతంత్రః? కిం చాతః? తంతువాయే ప్రాప్నోతి.’ ఎవడికి సొంత తంత్రం ఉందో వాడే స్వతంత్రుడా? అలాగైతే ఏమవుతుంది? సాలెవాడొక్కడికే ఆ పేరు చెల్లుతుంది! వ్యాకరణ చర్చ నడుమ మగ్గం చప్పుడు వినిపించిన చోటు ఇది. సమాధానం కూడా ఆయనే ఇచ్చాడు. తంత్ర శబ్దానికి రెండర్థాలున్నాయి. ‘ఆస్తీర్ణం తంత్రం, ప్రోతం తంత్రం’ అన్నప్పుడు పరచిన పడుగు. ‘ఇతడు స్వతంత్రుడు’ అన్నప్పుడు ప్రాధాన్యం, తనకు తానే ప్రధానుడని. సూత్రంలో తీసుకోవలసింది ఈ రెండోదాన్ని.

ఇంగ్లీషు ‘ఇండిపెండెన్స్’ పుట్టుక వేరు. లాటిన్‌లో వేలాడటాన్ని చెప్పే ధాతువుకు ముందు ‘కాదు’ చేర్చిన మాట అది. ఒకరిని పట్టుకుని వేలాడకపోవడం. స్కాట్లండ్ పాత భాషల్లో ఒకటైన గేలిక్‌లో దీనికి ‘నియో’ అనే నిషేధంతో మొదలయ్యే పదం ఉంది. దానికీ ఆధారపడకపోవడమనే అర్థం. రెండు భాషలూ లేనిదాన్ని చెబుతుండగా మన మాట ఉన్నదాన్ని చెబుతుంది. తన మగ్గం తనకుంది, తన పనికి తానే కర్త. ఇంత నిండైన మాట చేతిలో ఉండగా, అవతలివాడికి కోపం వచ్చినప్పుడు వాడే ‘వేర్పాటువాది’ని మనం వార్తలోకి ఎందుకు లాక్కురావాలి?

పతంజలి సాలెవాణ్ణి సూత్రంలోంచి తప్పించాడు గానీ, స్కాట్లండ్ దగ్గరికొస్తే ఆ సాలెవాడు మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. 1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ పోరులో సింహాసనం పోగొట్టుకున్న స్టూఅర్ట్ రాజవంశం పక్షాన నిలిచిన సేన ఓడిపోయింది. స్కాట్లండ్ ఎత్తునేలల (హైలాండ్స్) తెగలవాళ్ళు ఆ సేనలో ఎక్కువ. అదే ఏడు లండన్ పార్లమెంటు ఒక చట్టం చేసి ఆ ఎత్తునేలల వేషాన్ని నిషేధించింది. గళ్ళ ఉన్నిబట్ట టార్టాన్‌తో చేసిన పైకోట్లు కూడా అందులో చేరాయి. మొదటిసారి పట్టుబడితే 6 నెలల జైలు, రెండోసారికి 7 ఏళ్ళ ప్రవాసం. రాజుగారి సైన్యంలో చేరినవారికి మాత్రం మినహాయింపు. 1782లో చట్టం ఎత్తేశారు. టార్టాన్‌లో సాధారణంగా పడుగులో రంగులు ఏ వరసలో వస్తాయో పేకలోనూ అదే వరస. అందుకే గళ్ళు అంత తీరుగా కుదురుతాయి. బట్ట మీద నిషేధమంటే మనిషి ఉనికి మీద నిషేధమేనని ఆ దొరలకు తెలుసు.

ఒక్కో తెగకు ఒక్కో గళ్ళ తీరు అనాదిగా ఉందనే మాటను మాత్రం నమ్మకండి. అందులో చాలా భాగం 19వ శతాబ్దిలో స్థిరపడింది. 1822లో బ్రిటన్ రాజు నాలుగవ జార్జి స్కాట్లండ్ రాజధాని ఎడింబరాకు వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ దగ్గరుండి ఏర్పాట్లు చేయించాడు. టార్టాన్ మోజు అప్పటి నుంచి దేశమంతా పాకింది. అలాగని అది బూటకమనను. పోయినదాన్ని వెతుక్కునేవాళ్ళు కొంత కొత్తగా నేసుకుంటారు.

ఇంకొకటి చెప్పకుండా ముందుకు పోలేను. హ్యారిస్ ట్వీడ్ అక్కడి ఉన్నిబట్ట. 1993లో దాని పేరిట చట్టం వచ్చింది. పడమటి దీవులవాళ్ళు తమ ఇళ్ళలో చేతితో నేసిన బట్టకే ఆ పేరు చెల్లుతుందని అందులో రాశారు. స్వం తంత్రం యస్య సః! పతంజలి పక్కనపెట్టిన అర్థానికి చట్టం అండ దొరికింది. ఆ చట్టం చేసింది కూడా లండన్ పార్లమెంటే. సంస్కృతిని కాపాడటానికి స్వాతంత్ర్యం తప్పదనేవారూ, అక్కర్లేదనేవారూ ఇద్దరూ ఈ ఉదాహరణ దగ్గర కాసేపు ఆలోచించాలి.

కర్త సంగతి ఇంకా మిగిలింది. పాణిని తరువాతి సూత్రంలో ప్రయోజకకర్తను చెప్పాడు, అంటే చేయించేవాణ్ణి. దేవదత్తుడు యజ్ఞదత్తుడి చేత వండిస్తే, వండే యజ్ఞదత్తుడు ప్రయోజ్యకర్త. ఒకరు చేయిస్తున్నా అతడి కర్తృత్వం పోదని వ్యాకర్తల మతం. 1997లో ఓటు వేసి స్కాట్లండ్ తెచ్చుకున్న పార్లమెంటు 1999లో కొలువుతీరింది. చదువు, వైద్యం, న్యాయం దాని చేతిలో ఉన్నాయి. రక్షణ, విదేశాంగం, రాజ్యాంగం లండన్ దగ్గర ఉండిపోయాయి. దీన్ని ‘స్వయంప్రతిపత్తి’ అనండి, బాగుంటుంది. స్వాతంత్ర్యం మీద మళ్ళీ ఓటింగ్ పెట్టాలంటే లండన్ సమ్మతి కావాలని 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. ప్రయోజ్యకర్తకు ఇంతకంటే తేటైన ఉదాహరణ నాకు తట్టదు.

స్వాతంత్ర్యం మీద మొదటి ఓటింగ్ జరిగిన 2014 సెప్టెంబరు 18న స్కాట్లండ్‌వాళ్ళను అడిగిన ప్రశ్న భాషాభిమానులు తప్పక చదవాలి. ముందు రాసుకున్నది ‘స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలని మీరు ఒప్పుకుంటారా?’ అన్న తీరులో ఉంది. ‘ఒప్పుకుంటారా’ అనడంలోనే అవుననిపించే మొగ్గు ఉందని బ్రిటన్ ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది. ఆ మాట తీసేసి ‘స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలా?’ అని మాత్రమే అడిగారు. ఒక్క క్రియ కోసం అంత శ్రద్ధ! మన దగ్గర రోడ్డు వెడల్పు చేయడానికి సభ పెట్టినా, ఒక జాతి భవిష్యత్తును ఓటుతో తేల్చినా రెండింటికీ ‘ప్రజాభిప్రాయ సేకరణ’ ఒక్కటే దిక్కు. మొదటిది అభిప్రాయం, రెండోది తీర్పు. ‘ప్రజాతీర్పు’ను ఎన్నికల ఫలితాలకు అరగదీశాం కాబట్టి రెండోదానికి ‘జనవాక్యం’ అంటే ఎలా ఉంటుందో పాఠకులు ఆలోచించాలి.

ఆ రోజు ఓటర్లలో 84.6 శాతం మంది ఓటు వేశారు. 16 ఏళ్ళవారికి కూడా హక్కు ఇచ్చారు. వద్దన్నవారు 55.3 శాతం, కావాలన్నవారు 44.7 శాతం. ఆ ప్రశ్నలోని ‘దేశం’ మాటను గమనించండి. కలిసుండాలనేవారిలో కూడా చాలామందికి స్కాట్లండ్ దేశమే. వివాదమంతా ‘స్వతంత్ర’ విశేషణం దగ్గర ఉంది. ఇది తెలుగువాడికి తేలిగ్గా అర్థం కావాలి. రాజ్యం చేతిలో లేనప్పుడూ మనం ఆంధ్రదేశం అన్నాం. దేశం నేలకూ జనానికీ పేరు, రాజ్యం అధికారానికి పేరు. ఇంగ్లీషు చదువు తలకెక్కి రెండింటినీ కలిపేశాం.

ఇంతకీ తీర్పు ఏమిటని అడుగుతారు. ఉద్యమం వార్త రాస్తే ‘స్వాతంత్ర్యం’ అనండి. ఓటు పత్రం మీద ఉన్నది ఆ మాటే. బ్రిటన్ ముక్కలవడం వల్ల వచ్చే చిక్కులు రాస్తే ‘విడిపోవడం’ చాలు. ‘వేర్పాటు’ తప్పని నేననను, నిఘంటువు ఒప్పుకుంటుంది. ఆ మాట వాడిన క్షణంలో మీరు ఒక పక్షాన చేరారని మాత్రం ఎరిగి వాడండి. అదే 2014లో, జూన్ 2న, మన దగ్గర జరిగిన ఒక్క సంఘటనను కొందరు ‘ఆవిర్భావం’ అన్నారు, కొందరు ‘విభజన’ అన్నారు. అది ఒక దేశం లోపలి రాష్ట్రాల సంగతి, స్కాట్లండ్‌తో పోలిక కుదరదు. మాట పక్షం పట్టడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

‘ఐడెంటిటీ’కి ‘గుర్తింపు’ అంటున్నారు. గుర్తించేవాడు ఎప్పుడూ పరాయివాడే, అందుకే అది నాకు నచ్చదు. సాహిత్యంలో ‘అస్తిత్వం’ స్థిరపడింది, దాన్ని కదపను. సామాన్య పాఠకుడికి రాసేటప్పుడు ‘ఉనికి’ హాయిగా ఉంటుంది. ఉండటం ఉనికి. స్కాట్లండ్ గేలిక్‌కు కావలసింది అదే. 1872లో అక్కడ నిర్బంధ విద్యా చట్టం వచ్చింది. అందులో గేలిక్ ఊసే లేదు. 2022 జనగణనలో గేలిక్ ఎంతోకొంత వచ్చినవారు సుమారు 1,30,000 మంది, జనాభాలో 2.5 శాతం. గేలిక్‌కూ, స్కాట్స్ అనే మరో భాషకూ అధికార హోదా ఇస్తూ ఎడింబరా పార్లమెంటు 2025లో చట్టం చేసింది. ఇంగ్లీషుకు చుట్టమైన స్కాట్స్‌ను చాలామంది యాసగా తోసిపుచ్చుతారు. 14వ శతాబ్దిలో జాన్ బార్బర్ తన వీరకావ్యంలో స్వేచ్ఛను కీర్తించింది ఆ భాషలోనే.

చివరిగా మీ ఊరివారితో ఒక మాట. బ్రిటన్‌వాళ్ళందరినీ ‘ఇంగ్లీషువాళ్ళు’, ‘ఆంగ్లేయులు’ అని కలిపేయడం మనకు అలవాటైపోయింది. రాయలసీమలో రైతుల మన్ననలందుకున్న థామస్ మన్రో పుట్టింది గ్లాస్గోలో. మన గ్రామాల కైఫీయతులు, అంటే స్థానిక చరిత్రలు, సేకరింపజేసిన కాలిన్ మెకెంజీ పుట్టింది లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో. అది గేలిక్ మాట్లాడే దీవి, హ్యారిస్ ట్వీడ్ నేసే దీవి. ఆయనకు కుడిభుజమైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మీ ఏలూరువారే. వాళ్ళ గురించి సభ పెట్టినప్పుడు, వ్యాసం రాసినప్పుడు మెకెంజీని ‘ఇంగ్లీషు దొర’ అనకండి. స్కాట్లండ్ దొర అనండి.