శ్రీకృష్ణదేవరాయల గురించి సినిమాల్లో, నాటకాల్లో చూసిందంతా నిజమేనా?

రాయలవారి గురించి మనకు తెలిసిందంతా సినిమాలు, నాటకాల నుంచి వచ్చిందేనా, అందులో నిజమెంత అని అడిగారు. చాలావరకు అక్కణ్ణుంచి వచ్చిందే. నేను తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, రాయల కవుల సభను స్టేజీ మీద చూపే భువనవిజయం రూపకంలో వేషాలు కట్టినవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను.

క్లాసులో రాయలవారి గురించి చెప్పమంటే పిల్లలు ముందు తెనాలి రామకృష్ణుడి కథలు ఎత్తుకునేవారు. ఆ తర్వాత మంత్రి తిమ్మరుసు కళ్లు పొడిపించిన సంగతి. రాయచూరు అంటే మాత్రం ఎవరూ నోరు విప్పేవారు కాదు. 1520లో బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా మీద రాయలు గెలిచిన యుద్ధమది. కోట గోడల మీది కాపలావాళ్లను పోర్చుగీసు తుపాకులవాళ్లు పడగొట్టి రాయల సేనకు సాయం చేశారు. అంతకు ముందు ఒడిశా నేలిన గజపతి రాజుల నుంచి 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీడును గెలుచుకున్నాడు. ఇవి మన నేల మీదే జరిగినా పిల్లలకు తెలియవు. ఎందుకంటే స్టేజీ మీద ముట్టడి చూపించలేం. ఒక భటుడు వచ్చి "జయము మహారాజా" అని వెళ్తాడు, వెంటనే పెద్దనగారు పద్యం అందుకుంటారు. అలా చూసీ చూసీ, ఏళ్లకేళ్లు దండయాత్రల్లో గడిపిన రాజు మన మనసులో సింహాసనం దిగడం లేదు.

ఇక ఆ సభ సంగతి. ఎనిమిది మంది కవులూ ఒకే వరసలో కూర్చున్నట్టు మనం వేస్తాం. పెద్దన మనుచరిత్రనూ, నంది తిమ్మన పారిజాతాపహరణాన్నీ రాయలకే అంకితమిచ్చారు. కానీ రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది ఆరవీటి తిరుమలరాయలకు. అదంతా రాయలు పోయిన చాలా ఏళ్ల తర్వాతి ముచ్చట. పింగళి సూరన కూడా తర్వాతి తరంవాడే. తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యం కూడా రాయలకు కాదు, విరూరి వేదాద్రికి అంకితం.

తిమ్మరుసు కథే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. యువరాజుకు విషం పెట్టించారన్న అనుమానంతో రాయలు ఆయన కళ్లు తీయించాడని రాసింది న్యూనిజ్ అనే పోర్చుగీసువాడు. అతను రాసేనాటికి రాయలు పోయి కొన్నేళ్లయింది. 1962 నాటి సినిమాలో గుమ్మడిగారు తిమ్మరుసుగా కన్నీళ్లు పెట్టించాక, అది ఒక విదేశీయుడు విని రాసిన మాట అన్న సంగతే ఎవరికీ పట్టలేదు. ఇన్నేళ్లు రాజ్యాన్ని మోసిన మంత్రికి మనం మిగిల్చింది ఆ ఒక్క సీనే.

రూపం కూడా అంతే. రాయలంటే మనకు ఎన్టీఆరే. రాయలను కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ మాత్రం మధ్యస్థమైన ఎత్తు, కాస్త ఒళ్లున్న మనిషి, మొహం మీద మశూచి మచ్చలు అని రాశాడు. తెల్లవారక ముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించుకుని, ఆ నూనంతా చెమటగా పోయేదాకా బరువులెత్తి, కత్తి తిప్పి, కుస్తీ పట్టి, గుర్రమెక్కేవాడట! ఇంత మంచి సీను చేతిలో పెట్టుకుని మనవాళ్లు ఎందుకు తియ్యలేదో నాకు అర్థం కాదు.

అలాగని భువనవిజయం మానేద్దామని నేననను. పుస్తకం ముట్టని వాళ్ల చెవిన కూడా పెద్దన పద్యం పడేది ఆ రూపకం వల్లే. మా ప్రదర్శనల్లో నేను పట్టుబట్టి వ్యాఖ్యాత చేత మొదట్లోనే చెప్పించేవాణ్ణి, ఈ కవులందరూ ఒకే కాలంవాళ్లు కారని. రసభంగమని ఒక పెద్దాయన కోప్పడ్డారు కూడా. అయినా ఆ మాట తీయలేదు.

మీకు అసలు రాయలు కావాలంటే ఆయనే రాసిన ఆముక్తమాల్యద కావ్యం నాలుగో ఆశ్వాసంలో రాజనీతి పద్యాలు చదవండి. రేవులు బాగు చేసి వర్తకం పెంచాలనీ, ఏనుగులు, మంచి గుర్రాలు తెచ్చే విదేశీ వర్తకులను ఆదరించి అవి శత్రువుకు చేరకుండా చూసుకోవాలనీ ఆయనే చెబుతాడు. వ్యాఖ్యానం ఉన్న ప్రతి తీసుకోండి, ఆ పద్యాలు కఠినం.