కాలిపర్లు తర్వాత తమ్ముడూ, ముందు బ్రేక్ ఆయిల్ మార్చు

ఈసారి కారు బ్రేకుల గురించి మీరు అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. కాలిపర్ అంటే పిస్టన్లతో ప్యాడ్లను డిస్కుకు నొక్కిపట్టే భాగం, అది గుర్తుంటే చాలు. మొదటి ప్రశ్నకు జవాబు పెద్దది, ఓపిగ్గా చదవండి. మిగతావాటిలో సగం దాని మీదే ఆధారపడ్డాయి.

ప్రశ్న: అన్నా, నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ఆక్టేవియా వీఆర్ఎస్ ఉంది. రోజూ మిర్యాలగూడ నుంచి నల్లగొండకు దాంట్లోనే వెళ్లొస్తాను. మొన్న ఫ్రెండ్స్‌తో కలిసి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకెళ్లాను. మొదటి రౌండ్లు సూపర్‌గా ఉన్నాయి, తర్వాత ఒక మూల దగ్గర బ్రేక్ తొక్కితే కాలు కిందిదాకా పోయింది, ప్రాణం పోయినంత పనైంది. పక్కకు తీసి కాసేపు ఆపాక మళ్లీ మామూలే. హైదరాబాద్‌లో ఒక షాపువాళ్లు ఆరు పిస్టన్ల కాలిపర్లు, పెద్ద డిస్కుల కిట్ వేయించుకోమంటున్నారు, లక్షల్లో చెబుతున్నారు. వేయించుకోవాలా?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఇప్పుడే వద్దు. షాపువాళ్లు నీ జబ్బేమిటో అడగకుండానే మందు రాసిచ్చారు.

వేడెక్కిన బ్రేకు రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఒకటి, పెడల్ మెత్తబడి కిందికి పోవడం. రెండోది, పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది, కాలితో ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు. రెండోదైతే ప్యాడ్లు వాటి హద్దు దాటి వేడెక్కి పట్టు వదిలేశాయని అర్థం. నీకు జరిగింది మొదటిది, అంటే ఆయిల్ మరిగింది. బ్రేక్ ఆయిల్ ద్రవంగా ఉన్నంతసేపు నొక్కినా కుంచించుకుపోదు, కాబట్టి నీ కాలి ఒత్తిడి నేరుగా పిస్టన్‌కు చేరుతుంది. అది మరిగి ఆవిరి బుడగలు పుట్టాయంటే నువ్వు తొక్కిందంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైపోయి పెడల్ మామూలుగా అనిపిస్తుంది, అందుకే చాలామంది "ఏదో అయిందిలే" అని మళ్లీ ట్రాక్ ఎక్కేస్తారు. ఒకసారి మరిగిన ఆయిల్‌ను నమ్మొద్దు, మొత్తం తీసేయించు.

అసలు ఎంత వేడి పుడుతుందో ఒకసారి లెక్కేద్దాం. నువ్వు, బండి కలిపి 1500 కిలోలు అనుకో. గంటకు 140 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గిస్తే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 925 కిలోజౌళ్లు, అంటే మూడు లీటర్ల మామూలు నీళ్లను మరిగే దాకా తెచ్చేంత వేడి, అది కూడా నాలుగైదు సెకన్లలో. ఇందులో సుమారు 70 శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. ముందు డిస్కు ఒక్కొక్కటి తొమ్మిది కిలోలు ఉందనుకుంటే ఒక్కసారి బ్రేక్ కొట్టినందుకే దాని వేడి 80 డిగ్రీల దరిదాపుల్లో పెరుగుతుంది. ఆ ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు, రౌండుకు ఇలాంటి బ్రేకింగులు చాలానే ఉంటాయి, మధ్యలో చల్లారడానికి దొరికేది కొన్ని సెకన్లే. అదే అద్దంకి రోడ్డు మీద నువ్వు గట్టిగా బ్రేక్ కొట్టాల్సి వచ్చేది ఎప్పుడో ఒకసారి, ఆ తర్వాత నాలుగైదు కిలోమీటర్లు గాలి తగులుతూనే ఉంటుంది. రోడ్డు మీద బంగారంలాంటి బ్రేకు ట్రాక్ మీద చేతులెత్తేసేది ఇందుకే. వేగం రెట్టింపైతే ఆ శక్తి నాలుగు రెట్లవుతుంది, అది కూడా గుర్తుంచుకో.

ఇక ఆయిల్ సంగతి. మన కార్లలో వాడే డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ దానికి గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉంది, రబ్బరు గొట్టాల గుండా కూడా మెల్లగా లాగేసుకుంటుంది. 3.7 శాతం నీరు చేరిందంటే అది మరగకుండా నిలిచే హామీ 155 డిగ్రీలకే. నువ్వు సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు, అందులో ఆయిల్ ఎప్పటిదో పాత ఓనరుకు కూడా గుర్తుండదు. కొంతమంది "మన నల్లగొండ ఎండలకు బ్రేకులు ఆగవు" అంటారు కానీ, నాలుగైదు వందల డిగ్రీలకు పోయే డిస్కుకు బయట 30 ఉన్నా 45 ఉన్నా వచ్చే తేడా తక్కువే. ఆయిల్‌ను పాడు చేసేది ఎండ కన్నా వానాకాలపు తేమ.

కాబట్టి మొదటి ఖర్చు ఆయిల్. 300 డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ ఆయిల్స్ మన దగ్గర దొరుకుతున్నాయి, కిట్‌తో పోలిస్తే వాటి ధర లెక్కలోకే రాదు. నాలుగు చక్రాల దగ్గరా పూర్తిగా బ్లీడింగ్ (పాత ఆయిల్, గాలి బుడగలు బయటికి తీసేయడం) చేయించు, పైన డబ్బాలో పోసి ఊరుకునే షెడ్డుకు మాత్రం పోవద్దు. పెయింట్ మీద పడితే లేచిపోతుంది, అది కూడా చూసుకోమను. రోడ్డుకే అయితే రెండేళ్లకోసారి మారిస్తే చాలు, ట్రాక్‌కు పోతే ప్రతిసారీ పోయే ముందు కనీసం బ్లీడింగ్ అయినా చేయించాలి.

రెండో ఖర్చు ప్యాడ్లు. ఇక్కడే అందరూ అడిగే కోరిక ఒకటుంది: రోడ్డుకూ ట్రాక్‌కూ ఒకటే ప్యాడ్ కావాలి, కూతపెట్టకూడదు, డిస్కు అరగకూడదు, ఎంత వేడెక్కినా పట్టు వదలకూడదు. అలాంటిది లేదు. అసలైన ట్రాక్ ప్యాడ్ వేడెక్కితేనే పనిచేస్తుంది. చలికాలం పొద్దున్నే ఇంటి నుంచి బయల్దేరావు, సందు చివర అడ్డంగా ఆటో వచ్చింది, చల్లగా ఉన్న ట్రాక్ ప్యాడ్ నువ్వు అనుకున్నంత పట్టదు. పైగా కూత, నల్ల దుమ్ము, డిస్కు అరుగుదల. నీలాగా రోజూ అదే బండిలో ఉద్యోగానికి పోయేవాళ్లకు రెండు దారులున్నాయి. సాయంత్రం సరదాగా నాలుగు రౌండ్లు కొట్టి వచ్చేవాడివైతే ఫాస్ట్ రోడ్ రకం ప్యాడ్లు చాలు, ఇవి చల్లగా ఉన్నా పట్టుతాయి, కంపెనీ ప్యాడ్ల కన్నా ఎక్కువ వేడి తట్టుకుంటాయి. టైమింగ్ తీస్తూ పట్టుదలగా నడిపే రకమైతే ట్రాక్ ప్యాడ్ల సెట్టు విడిగా కొని, అక్కడికి పోయాక మార్చుకో, తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు ప్యాడ్లు వేసుకో. ముందు ప్యాడ్లు మార్చడం చేయి తిరిగినవాడికి గంట పని. నన్నడిగితే నీకు మొదటిదే నయం, ఒకసారి పోయివచ్చినవాడివి కదా.

కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు చూసుకుని 80 నుంచి 20కి ఓ మాదిరి గట్టిగా, వరసగా ఎనిమిది పదిసార్లు తగ్గించు. పూర్తిగా ఆగొద్దు. తర్వాత బ్రేక్ ముట్టుకోకుండా ఐదారు కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వు. దీనివల్ల ప్యాడ్ పొర డిస్కు మీద సమంగా అంటుకుంటుంది. ప్యాడ్ కంపెనీవాళ్లు పెట్టె మీద వేరేగా రాస్తే వాళ్లు చెప్పిందే చెయ్యి. సాయంత్రం నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద లారీల మధ్య మాత్రం ఈ పని పెట్టుకోకు.

మూడోది టైర్లు. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) పనిచేసేదాకా తొక్కగలుగుతున్నావంటే నీ బ్రేకులకు బలం చాలినట్టే, అక్కడి నుంచి బండి ఎంత దూరంలో ఆగాలో టైరు నిర్ణయిస్తుంది. ఆరు పిస్టన్లు పెట్టినా ఒక్కసారి కొట్టే బ్రేకుకు ఆగే దూరం తగ్గదు. పెద్ద కిట్ ఇచ్చే లాభం వేరే ఉంది: డిస్కు బరువు, వైశాల్యం ఎక్కువ కాబట్టి పదో రౌండులో కూడా మొదటి రౌండులాగే ఆగుతుంది. మంచి ఆయిల్, మంచి ప్యాడ్లు, డిస్కు వెనక ఉండే దుమ్మురేకు సవరించి డిస్కుకు గాలి తగిలే ఏర్పాటు, ఇవన్నీ చేశాక కూడా బ్రేకులు చేతులెత్తేస్తున్నాయంటే అప్పుడు కిట్ గురించి రాయి, మాట్లాడుకుందాం. అప్పుడైనా ముందు వెనక బ్యాలెన్స్ లెక్క చూసి, నీ మోడల్‌కే చేసిన కిట్ తీసుకోవాలి. పిస్టన్ల మొత్తం వైశాల్యం పెరిగి పెడల్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ పాతదే ఉంటే పెడల్ ఇంకా కిందికి పోతుంది, అల్లాయ్ చక్రం కాలిపర్‌కు తగలొచ్చు కూడా. డిస్కుల్లో గీతలున్నవి సరే, రంధ్రాలున్నవి చూడ్డానికి బాగుంటాయి కానీ ట్రాక్ వేడికి ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి.

చివరి రౌండు మెల్లగా, వీలైనంతవరకు బ్రేక్ వాడకుండా తిప్పు. పిట్‌లో ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకు, గేరులోనో పార్క్‌లోనో పెట్టి చక్రానికి అడ్డు పెట్టు. గాలి ఆగిపోగానే డిస్కులో ఉన్న వేడంతా కాలిపర్‌లోకి పాకుతుంది, నిలబడి ఉన్న బండిలో కూడా ఆయిల్ మరగొచ్చు.

ప్రశ్న: నాది పోలో జీటీ. వెనక డ్రమ్ములు తీసేసి డిస్కులు వేయించాలనుకుంటున్నాను, కాలిపర్లకు ఎర్ర కవర్లు కూడా తీసుకున్నాను. హైవే మీద ఆగే దూరం ఎంత తగ్గుతుంది సార్?
— మహబూబ్‌నగర్

జవాబు: తగ్గదు. గట్టిగా ఆపేటప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు చేసే పని తక్కువ, దానికి డ్రమ్ములు సరిపోతాయి. పైగా కంపెనీవాళ్లు ఏబీఎస్ లెక్కంతా ఆ డ్రమ్ములకు సరిపడా కట్టారు. వేరే బండి డిస్కులు తెచ్చి బిగిస్తే వెనక పట్టు ఎక్కువై మలుపులో బండి తోక తిరగొచ్చు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ తిప్పలు సరేసరి. ఆ డబ్బులతో నాలుగు మంచి టైర్లు వేయించు, జడ్చర్ల దాటి 44 నంబర్ హైవే ఎక్కిన మొదటి రోజే తేడా తెలుస్తుంది. కోతల కాలంలో మన రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు, ఆ గింజల మీదికి చక్రం ఎక్కిందంటే ఏ కంపెనీ కాలిపరూ ఆపలేదు, దూరం నుంచే వేగం తగ్గించుకోవాలి. ఎర్ర కవర్లు ప్లాస్టిక్‌వి అయితే తీసేయ్. వేడి బయటికి పోనీయవు, ఊడి చక్రంలో ఇరుక్కుంటే ఇంకో గొడవ. రంగు కావాలంటే వేడికి తట్టుకునే పెయింట్ ఉంది, వేసుకో, పోయేదేమీ లేదు.

ప్రశ్న: 100 దాటాక బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. డిస్కులు వంకరపోయాయి, కొత్తవి వేయాలి అంటున్నాడు మెకానిక్. బండి కొని ఏడాదిన్నరే అయింది.
— సూర్యాపేట

జవాబు: నిజంగా వంకరపోయిన డిస్కులు అరుదండీ. ఎక్కువసార్లు జరిగేదేమిటంటే, టోల్‌గేట్ ముందు గట్టిగా బ్రేక్ కొట్టి అలాగే తొక్కిపట్టి నిలబడతాం, కాలిన ప్యాడ్ ఆ ఒక్కచోటే డిస్కుకు మచ్చలా అంటుకుంటుంది. తర్వాత ఆ మచ్చ ప్యాడ్ కిందికి వచ్చిన ప్రతిసారీ స్టీరింగ్ ఊగుతుంది. ముందు పైన చెప్పిన 80–20 పద్ధతి ఒకసారి చేసి చూడండి, లేత మచ్చలైతే పోతాయి. పోకపోతే చక్రం విప్పి హబ్ మీద తుప్పు శుభ్రం చేయించి, వంకర కొలిచే డయల్ గేజ్ పెట్టి చూడమనండి. నట్లు కూడా టార్క్ రెంచ్‌తో సమంగా బిగించమనండి, పంక్చర్ వేశాక గన్‌తో ఎలాపడితే అలా బిగించినా ఈ వణుకు వస్తుంది. లేత్ పట్టించే మాటైతే డిస్కు మీద కనీస మందం ఎంతో చెక్కి ఉంటుంది, దానికన్నా సన్నబడితే మాత్రం మార్చాల్సిందే.

ప్రశ్న: శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు కాలిన వాసన వస్తోంది. మాది ఆటోమేటిక్ బండి. ట్రాక్ ప్యాడ్లు వేస్తే పోతుందా అన్నా?
— అచ్చంపేట

జవాబు: ప్యాడ్లతో పనేముంది తమ్ముడూ, గేరు మార్చు. ఈగలపెంట దాటాక కృష్ణ వంతెన దాకా దిగుడే దిగుడు, అంతదూరం డీలో పెట్టి బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచితే ఏ ప్యాడైనా కాలుతుంది. గేరును మాన్యువల్‌లోకి తెచ్చి రెండులోనో మూడులోనో ఉంచు, ఇంజనే పట్టి ఉంచుతుంది. వేగం పెరిగినప్పుడు కాస్త గట్టిగా కొట్టి పూర్తిగా వదిలెయ్, మధ్యలో డిస్కుకు గాలి తగలాలి. పొగ వస్తే పక్కన ఆపి ఊరికే ఉండు, నీళ్లు పోశావంటే డిస్కు పగలొచ్చు. మన్ననూరు నుంచి అంతా పులుల అడవి, అక్కడ స్పోర్ట్స్ డ్రైవింగ్ పెట్టుకోవద్దు.

ప్రశ్న: డాట్ 5 పెద్దదా, డాట్ 5.1 పెద్దదా?
— నాగర్‌కర్నూల్

జవాబు: అంకె చూసి మోసపోకండి. 5 అంటే సిలికాన్ ఆయిల్, అది వేరే జాతి, మన బండ్లలో ఉండే 3, 4 రకాలతో కలపకూడదు, ఏబీఎస్ ఉన్న బండికి పనికిరాదు. 5.1 మాత్రం డాట్ 4కు అన్నలాంటిది, కొత్తగా ఉన్నప్పుడు కనీసం 260, తేమ చేరాక 180. ట్రాక్ డబ్బాల మీద ఎక్కువగా డాట్ 4 అనే ఉంటుంది, వెనక రాసిన డిగ్రీలు చూసి కొనండి.

ప్రశ్న: బ్రేకులు మారిస్తే ఆర్టీఓ, ఇన్సూరెన్స్ వాళ్లతో ఏమైనా టెన్షన్ ఉంటుందా?
— నల్లగొండ

జవాబు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ప్యాడ్లు, ఆయిల్ అరిగితే మార్చుకునే సామాను, వాటి జోలికి ఎవరూ రారు. పెద్ద కిట్ వేస్తే మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాసి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. ఇంకొకటి, మామూలు కారు పాలసీలో రేసింగ్‌కు, స్పీడ్ టెస్టింగ్‌కు కవరేజ్ లేదని స్పష్టంగా ఉంటుంది. ట్రాక్ మీద బండి గోడకు తగిలితే ఆ బిల్లు మీదే.