భక్తి గొప్పదా, సాటి మనిషికి చేసే సాయం గొప్పదా?

మీరు అడిగింది ఇదీ: ఒకరు రోజూ ప్రార్థన తప్పరు, పక్కవాళ్ల కష్టం మాత్రం వాళ్లకి పట్టదు. ఇంకొకరు దేవుణ్ణి నమ్మరు, కానీ అర్ధరాత్రి పిలిచినా వస్తారు. ఈ ఇద్దరిలో ఎవరి దారి సరైనది?

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆపదలో ఉన్నవాడికి మీరు దేన్ని నమ్ముతారన్నదాంతో పని లేదు, మీరు ఏం చేస్తారన్నదాంతోనే పని. అతని వైపు నుంచి చూస్తే మంచి పనే ముందు, ఇందులో రెండో మాట లేదు. అయితే మనం చేసే మంచి నిజంగా ఎదుటివాడికి మేలు చేస్తోందా, నాలుగు రోజులయ్యాక కూడా సాగుతుందా అన్న దగ్గర నమ్మకం బాగా అక్కరకొస్తుంది. అదీ దాన్ని ఒక క్రమంలో పెట్టుకున్నప్పుడే.

"నమ్మితే చాలని మత గ్రంథాలే అంటున్నాయి కదా" అనే వాదన తరచూ వినిపిస్తుంది. క్రైస్తవంలో ఈ తగువు శతాబ్దాలు నడిచింది. దేవుడి దృష్టిలో మనిషి నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్లనే అని పదహారో శతాబ్దపు జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్ పట్టుబట్టాడు. 1547లో కాథలిక్కుల ట్రెంట్ మహాసభ ఆ వాదాన్ని ఖండించింది. చివరికి 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ (లూథర్ బాట పట్టినవాళ్లు) కాథలిక్కులూ ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. దేవుడు మనిషిని అంగీకరించేది వాడి పుణ్యం లెక్కగట్టి కాదు, కృప వల్లనే. ఆ కృప పొందినవాడి బతుకులో సత్క్రియలు ఫలంలా కనిపిస్తాయి అన్నది దాని సారం. అంటే విశ్వాసం పక్షాన నిలబడి సంతకం చేసినవాళ్లు కూడా మంచి పనులు అక్కర్లేదని అనలేదు. బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం ఇంకా సూటిగా అడుగుతుంది: బట్టా తిండీ లేనివాడితో "చల్లగా వెళ్లి రా, కడుపు నింపుకో" అని చెప్పి చేతిలో ఏమీ పెట్టకపోతే ఏం లాభం అని. ఖురాన్ 107వ సూరాలో, అంటే అధ్యాయంలో, ఉన్నవి ఏడే వాక్యాలు. అనాథను గెంటేసేవాణ్ణి, నమాజు చేస్తూనే పైకి కనిపించడం కోసం బతుకుతూ, చిన్నపాటి అవసర వస్తువు కూడా ఇవ్వనివాళ్లని అది తీవ్రంగా మందలిస్తుంది. గీత పన్నెండో అధ్యాయంలో భక్తుడి లక్షణాల జాబితా ఏ ప్రాణినీ ద్వేషించకపోవడంతో మొదలవుతుంది, వెంటనే మైత్రి, కరుణ వస్తాయి.

కాబట్టి గ్రంథాలకు ఈ విషయంలో పెద్ద పేచీ లేదు. నమ్మకం తలలో ఉన్నంత మాత్రాన చేతుల్లోకి దిగదు, చిక్కల్లా అక్కడే. దీని మీద డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించిన ప్రయోగం ప్రతి భక్తుడూ తెలుసుకోవాల్సింది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ మత బోధకులుగా తయారవుతున్న విద్యార్థుల్లో సగం మందికి బైబిల్లోని "మంచి సమరయుడు" ఉపమానం మీద, మిగతావాళ్లకి ఉద్యోగాల మీద ప్రసంగం చేయమని చెప్పారు. ప్రసంగం ఇంకో భవనంలో. కొందరితో "ఇంకా టైముంది" అన్నారు, కొందరితో "సరిగ్గా వెళ్తే అందుకుంటారు" అన్నారు, మరికొందరితో "ఇప్పటికే ఆలస్యమైంది, త్వరగా వెళ్లండి" అన్నారు. దారిలో ఒక గుమ్మం దగ్గర ఓ మనిషి కూలబడి, తల వాల్చి, దగ్గుతూ మూలుగుతున్నాడు. తొందర లేనివాళ్లలో 63 శాతం, మధ్యస్థంగా ఉన్నవాళ్లలో 45 శాతం, బాగా తొందరలో ఉన్నవాళ్లలో 10 శాతం మాత్రమే సాయానికి ఏదో ఒకటి చేశారు. దారిన పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న కథ మీదే మాట్లాడటానికి వెళ్తున్నా, ఆ విషయం చెప్పుకోదగ్గ తేడా తేలేదు. ఎవరి మత భావన ఎలాంటిదో చూసి ఎవరు ఆగుతారో ముందే చెప్పడం కూడా కుదరలేదు.

దీన్నుంచి నేను తీసుకునేది చాలా మామూలు జాగ్రత్త: ఎక్కడికి వెళ్లాలన్నా పది నిమిషాలు ముందు బయల్దేరండి. గుడికో, మసీదుకో, చర్చికో వెళ్లేటప్పుడు అయితే తప్పకుండా. దయకి మనసు ఎంత కావాలో తీరిక కూడా అంతే కావాలి.

ఇక నమ్మకం పనికొచ్చే చోటు. డబ్బు సంగతే చూడండి. బుద్ధి పుట్టినప్పుడు ఇద్దామనుకుంటే, బుద్ధి పుట్టని నెలలే ఎక్కువవుతాయి. ముస్లింలు తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం, జకాత్, ఈ సమస్యని లెక్కతో తీరుస్తుంది. నిసాబ్ అనే కనీస హద్దు దాటిన పొదుపు, అంటే వాడుకలో ఉన్న ఒక లెక్క ప్రకారం 85 గ్రాముల బంగారం విలువకి తగ్గని సొమ్ము, ఒక చాంద్రమాన సంవత్సరం మీ దగ్గర ఉంటే అందులో నలభయ్యో వంతు, 2.5 శాతం, ఇచ్చి తీరాలి. మీ మూడ్‌తో దానికి సంబంధం లేదు. దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా ఈ పద్ధతిని అరువు తెచ్చుకోవచ్చు: రాబడి వచ్చిన రోజే ఒక శాతం వేరే ఖాతాలోకి వెళ్లిపోయేలా పెట్టుకోండి. నెలాఖరున మిగిలింది ఇద్దామంటే మిగలదు.

మంచి పని ఎక్కడ చెడుతుందో కూడా పాతవాళ్లకి బాగా తెలుసు. గీత 17వ అధ్యాయం దానాన్ని మూడు రకాలుగా విడదీస్తుంది: తగిన చోట, తగిన వేళ, తగినవాడికి, తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేది, ప్రతిఫలం కోసమో నొచ్చుకుంటూనో ఇచ్చేది, చోటూ వేళా చూడకుండా అవమానించి ఇచ్చేది. ఇచ్చాక దెప్పితే ఆ దానం వమ్మవుతుందని ఖురాన్ రెండో సూరా అంటుంది. ఇప్పుడు కనిపించే తప్పులు సరిగ్గా ఇవే. పుచ్చుకునేవాడి మొహం కనిపించేలా ఫొటో తీసి అందరికీ చూపించడం. విపత్తు జరిగిన చోటికి వాడేసిన బట్టలు మూటలు కట్టి పంపడం. వాటిని దించి, ఏరి, పారేసే చాకిరీ అసలే నష్టపోయినవాళ్ల నెత్తిన పడుతుంది, మందులు రావాల్సిన దారికీ అడ్డం. ముందు అడగండి, అడిగింది పంపండి, ఏం కావాలో ఖచ్చితంగా తెలియకపోతే డబ్బే మేలు.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది దీర్ఘకాలం మంచాన పడినవాళ్ల విషయంలో. మొదటి వారం ఇల్లు నిండిపోతుంది, మూడో నెలకి ఎవరూ రారు. "ఏదైనా కావాలంటే చెప్పండి" అనే మాట అక్కడ ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే అడిగే భారం మళ్లీ వాళ్ల మీదే వేస్తున్నాం. "మంగళవారం సాయంత్రం ఐదింటికి వస్తాను, ఏడింటి దాకా నేను కూర్చుంటాను, మీరు బయటికి వెళ్లి రండి" అనండి. వెళ్లాక ఏ మందు ఏ వేళకి వేయాలో కాగితం మీద రాయించుకోండి. ప్రతి వారం అదే రోజు, అదే వేళ. కృతజ్ఞత ఆగిపోయాక, విసుగు మొదలయ్యాక కూడా వచ్చేలా మనిషిని నిలబెట్టేది చాలాసార్లు నమ్మకమే, ఇది నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. నమ్మకం లేనిచోట నలుగురు కలిసి వంతులు వేసుకుంటే అదీ నిలుస్తుంది.

సాయానికి మతాన్ని షరతుగా పెట్టడం మాత్రం ఏ పేరుతోనూ ఒప్పుకోకండి. 1994 నాటి రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళి దీన్ని స్పష్టంగా రాసింది: సాయం అవసరాన్ని బట్టే అందాలి, మత ప్రచారానికి వాడకూడదు. ముందు ప్రార్థన, తర్వాత భోజనం అనే చోట, ప్రార్థనకి కూర్చోనివాడికి కూడా అదే వరుసలో అదే భోజనం దొరుకుతుందో లేదో చూడండి.

మీరు చెప్పిన ఆ ఇద్దరి విషయానికొస్తే, ప్రార్థన తప్పనివారితో వాదన పెట్టుకోకండి. నియమం పాటించడం వాళ్లకి ఇప్పటికే వచ్చు, దాని పక్కన ఒక పని చేర్చండి: ఫలానా ఇంటికి, ఫలానా రోజు, ప్రార్థన అవగానే. నమ్మనివారిని కూడా అదే వంతుల జాబితాలో రాయండి, వాళ్లు దేన్ని నమ్ముతారని అడగకుండా.