ముందు రాసుకో, తర్వాత సర్దుకో

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. కామిక్స్ అన్నీ నేలమీద పరిచి, హీరోలవారీగా కుప్పలు పెడుతున్నానని రాశావు. ఆ పని అక్కడితో ఆపమ్మా. ఎలా సర్దాలన్నది తర్వాతి మాట. నీ దగ్గర ఏమేం ఉన్నాయో ముందు రాసుకోవాలి. ఇద్దరు హీరోలు కలిసి వచ్చిన సంచిక ఏ కుప్పలోకి వెళ్తుంది? రాయకుండా సర్దితే ఇలాంటి తగువు రోజూ వస్తుంది.

రాసేటప్పుడు ముఖచిత్రాన్ని నమ్మకు. దాని మీద పెద్ద అక్షరాల్లో ఉండేది చాలాసార్లు ఆ నెల కథ పేరో, అతిథిగా వచ్చిన హీరో పేరో. అసలు పేరు, సంపుటం, సంచిక సంఖ్య, ప్రచురణకర్త వివరాలు లోపల చిన్న అక్షరాల్లో అచ్చవుతాయి. పాతవాటిలో మొదటి పేజీ అడుగునో, అట్ట లోపలి వైపునో దొరుకుతాయి. కొత్తవాటిలో ఒక్కోసారి చివరి పేజీల్లో వెతకాలి. భూతద్దం పెట్టుకునైనా సరే, అది చదివే రాయి.

పేరు పక్కన ఆ వరుస (సిరీస్) మొదలైన సంవత్సరం తప్పకుండా ఉండాలి. 'ఎక్స్-మెన్' ఒకటో సంచిక అని రాసుకుంటే ఏ ఒకటో సంచిక? 1963లో ఒకటి వచ్చింది, 1991లో ఇంకొకటి వచ్చింది. దీనికి పూర్తిగా తలకిందులు కూడా జరుగుతుంది. 'జర్నీ ఇంటు మిస్టరీ' 125తో ఆగింది, 1966లో 126 నుంచి 'థోర్' అయింది. అంకె సాగింది, పేరు మారింది. 'ఫ్లాష్ కామిక్స్' అయితే 1949లో 104తో ఆగిపోయి, మళ్ళీ 1959లో 'ది ఫ్లాష్' పేరుతో ఏకంగా 105 నుంచి మొదలైంది. ఈ సంగతి తెలియనివాళ్ళు ఆ 1959 వరుసలో ఒకటో సంచిక కోసం వెతుకుతూనే ఉంటారు. ఇలాంటివి రెండు వేర్వేరు వరుసలుగానే రాసి, 'ముందు పేరు ఫలానా' అని ఒక ముక్క చేర్చు.

అట్ట మీద నెల చూసి, అదే నెలలో అమ్మకానికి వచ్చిందనుకోకు. పాతరోజుల్లో రెండు మూడు నెలలు ముందుకు వేసేవారు, పుస్తకం దుకాణంలో ఎక్కువకాలం కొత్తగా కనిపించాలని. ఉన్నది ఉన్నట్టు రాసుకో. ఎక్కడైనా సందేహం వస్తే ఇంటర్నెట్‌లో గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ చూడు. 1994 నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు ఎంతో ఓపికగా కూర్చిన సమాచారం అది, ముఖచిత్రాలతో సహా.

ఇక పుస్తకం స్థితి. అమ్మేవాళ్ళు 0.5 నుంచి 10 దాకా అంకెలు వేస్తారు. నీకు ఆ అంకెకంటే లోపం పేరే ఎక్కువ పనికొస్తుంది: 'వెన్ను చిరిగింది', 'పిన్ను తుప్పుపట్టింది', 'అట్ట ఊడింది'. పేజీలు మాత్రం ప్రతిదానికీ లెక్కపెట్టు. మధ్యలో మడిచి పిన్ను కొట్టే పుస్తకం కాబట్టి ఒక్క కాగితం ఊడిపోతే నాలుగు పేజీలు పోతాయి. 1970ల నడిమి మార్వెల్ కంపెనీ సంచికలైతే పాఠకుల ఉత్తరాల పేజీ తెరిచి చూడు. 1974 నుంచి అక్కడ కత్తిరించి దాచుకునే స్టాంపులు అచ్చేశారు, ఎంతమంది పిల్లలు కత్తెర పెట్టారో! వుల్వరిన్ అనే హీరో ప్రధానంగా కనిపించిన తొలి సంచిక, 'ది ఇంక్రెడిబుల్ హల్క్' 181లో కూడా ఆ స్టాంపు ఉంది.

ఇదంతా రాశాక సర్దడం తేలిక. వరుస పేరు, దానిలో సంచిక సంఖ్య, అంతే. పెట్టెకు ఒక నంబరు వేసి, ఆ నంబరు పట్టికలో ప్రతి పుస్తకం ఎదురుగా ఎక్కించు. రచయిత, చిత్రకారుడు, హీరో పేర్లకు కూడా పట్టికలోనే గడులు పెట్టుకో. పెట్టెలో పుస్తకం ఒక్కచోటే ఉండగలదు, పట్టికలో మాత్రం ఎలా వెతికినా దొరుకుతుంది. పెట్టెను నిండా కుక్కకు, కొత్తవాటికి చోటుండాలి. అలాగని పుస్తకాలు ఒరిగిపోయేంత వదులుగానూ వద్దు, నిలబెట్టే ఉంచు.

పాత కామిక్స్ చవక న్యూస్‌ప్రింట్ మీద అచ్చయ్యాయి. దానిలోని ఆమ్లమే దాన్ని పసుపు చేసి పెళుసెక్కిస్తుంది. ఎండ, వేడి, తేమ ఆ పనిని తొందర చేస్తాయి. ఆమ్లం లేని అట్టముక్క వెనక పెట్టి పాలీప్రొపిలీన్ సంచిలో వేయి, పీవీసీ సంచులు మాత్రం వద్దు. 1940ల పుస్తకాలు ఇప్పటివాటికంటే వెడల్పు, వాటికి 7¾ అంగుళాల సంచి కావాలి. పుస్తకం బయటికి తీసేటప్పుడు సంచి మూతకున్న టేపు పుస్తకం అట్టకు అంటుకోకుండా చూసుకో, పాత అట్టలు దానికి ఇట్టే చిరుగుతాయి.

జంట ప్రతులు కనిపించగానే ఎవరికీ ఇచ్చేయకు. రెండింటి పేజీలూ లెక్కపెట్టి, ఏది మొదటి ముద్రణో చూశాకే ఇవ్వు. పట్టిక పూర్తవగానే నాకో ప్రతి పంపు. నా దగ్గరున్న జంటల్లో నీకు లేనివి చూసి పంపిస్తాను.

ఇట్లు
నీ పెదనాన్న