పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులో రాసిపెట్టవచ్చా?

ప్రశ్న: మాదాపూర్‌లోని ఒక చిన్న సంస్థలో 12 లినక్స్ సర్వర్ల బాధ్యత చూస్తున్నాను. రోజూ ఉదయం ఒక్కోదానిలోకి లాగిన్ అయి డిస్కులో ఖాళీ ఎంత ఉందో చూడవలసి వస్తోంది. సర్వర్ల పేర్లు ఒక ఫైలులో పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్‌కు (దూరంలోని సర్వర్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) ఎస్‌ఎస్‌హెచ్‌పాస్‌తో పాస్‌వర్డ్ అందించే షెల్ స్క్రిప్ట్ రాశాను. అది మొదటి సర్వర్ చూసి ఆగిపోతోంది, ఎర్రర్ కూడా చూపడం లేదు. పాస్‌వర్డ్ అలా రాసిపెట్టడం మంచిదేనా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆగిపోవడం సంగతి చూద్దాం. మీరు పేర్ల ఫైలును, ఒక్కో పంక్తినీ చదువుతూ పోయే వైల్ రీడ్ లూప్‌కు అందిస్తూ ఉండాలి. అప్పుడు ఆ ఫైలే లూప్‌కు స్టాండర్డ్ ఇన్‌పుట్ (ప్రోగ్రాము సమాచారం చదువుకునే దారి) అవుతుంది. లోపల నడిచే ఎస్‌ఎస్‌హెచ్ కూడా అదే ఇన్‌పుట్‌ను చదువుతుంది కనుక, మొదటి సర్వర్‌కు వెళ్లినప్పుడే మిగిలిన 11 పేర్లనూ అది మింగేస్తుంది; లూప్‌కు చదవడానికి ఏమీ మిగలక, పని పూర్తయినట్టే ముగుస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ పక్కన హైఫన్ ఎన్ (-n) చేర్చండి; అది ఆ ఇన్‌పుట్‌ను ముట్టదు, సరిపోతుంది.

పాస్‌వర్డ్‌ను మాత్రం స్క్రిప్టులో ఉంచవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ ఫైలు బ్యాకప్‌లోకో, కోడ్ భద్రపరిచే గిట్‌లోకో, సహోద్యోగికి పంపిన మెయిల్‌లోకో చేరిందంటే 12 సర్వర్ల తలుపులూ ఒకేసారి తెరిచినట్టే. 1995లో ఫిన్లాండ్‌కు చెందిన టాటు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను రూపొందించడానికి కారణమే, తన విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలించడం.

దానికి బదులు కీ జత (మీ దగ్గరుండే ప్రైవేట్ కీ, సర్వర్‌లో ఉంచే పబ్లిక్ కీ) వాడండి. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో ఈడీ25519 రకం జతను తయారుచేసి, పబ్లిక్ కీని ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీతో ఒక్కో సర్వర్‌కు పంపండి. పాస్‌వర్డ్ ఆ ఒక్కసారే టైపు చేయాలి. ప్రైవేట్ కీ మీ యంత్రం దాటకూడదు, దాని పర్మిషన్లు 600 (మీరు మాత్రమే చదివి, రాయగలిగేలా) ఉండాలి. ఇతరులు చదవగలిగేలా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని వాడడానికే ఒప్పుకోదు. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు చూపే ఫింగర్‌ప్రింట్‌ను (సర్వర్‌ను గుర్తించే సంకేతాన్ని) చదవకుండా ఎస్ (yes) అనేయడం చాలామందికి అలవాటు. సర్వర్ వద్ద ఉన్నదానితో సరిపోల్చాకే ఒప్పుకోండి.

తెల్లవారుజామున క్రాన్ (నిర్ణీత సమయానికి పనులు నడిపే ప్రోగ్రామ్) ద్వారా నడపాలంటే పాస్‌ఫ్రేజ్ (ప్రైవేట్ కీకి పెట్టే రహస్య పదాలు) టైపు చేసేవారు ఉండరు కనుక, ఆ పనికి పాస్‌ఫ్రేజ్ లేని కీని వేరుగా తయారుచేసి, సర్వర్‌లో అనుమతించిన కీల జాబితా అయిన ఆథరైజ్డ్ కీస్ ఫైలులో దాని ముందు రిస్ట్రిక్ట్ (ఇతర సౌకర్యాలను ఆపేది) అనీ, డిస్కు ఖాళీ చూపే డీఎఫ్ కమాండు తప్ప మరొకటి నడవకుండా కమాండ్ అనే నిబంధననూ రాయండి. కీ పోయినా దొంగకు దక్కేది డిస్కు లెక్కే. స్క్రిప్టులో బ్యాచ్‌మోడ్‌ను (పాస్‌వర్డ్ అడగకుండా చేసేది) ఎస్ (yes) అనీ, కనెక్ట్‌టైమ్‌అవుట్‌ను 10 సెకన్లనీ పెడితే, అందని సర్వర్ దగ్గర పని వేలాడదు. కనెక్షన్ విఫలమైతే ఎస్‌ఎస్‌హెచ్ 255 అనే ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య) ఇస్తుంది. దాన్ని పరీక్షించి, ఆ సర్వర్ పేరు మీకు మెయిల్‌లో వచ్చేలా చూసుకోండి.